పాట కోసం పీకిన దీపం

1986 వేసవిలో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నందిగామకు వేశారు. నా కింద ఒక అసిస్టెంటు ఇన్‌స్పెక్టరు, ఒక గుమాస్తా ఉండేవారు. జగ్గయ్యపేట నుంచి కీసర దాకా హైదరాబాదు రోడ్డు మీద తిరిగే లారీలకు, బస్సులకు ఫిట్‌నెస్ పరీక్షలు చేయడం, డ్రైవింగు లైసెన్సు పరీక్షలు పెట్టడం మా పని. జనం మమ్మల్ని ‘బ్రేకు ఇన్‌స్పెక్టర్లు’ అనేవారు. ఆ పిలుపులో మర్యాద కొంత, వెటకారం కొంత. ఎక్కడైనా ప్రమాదం జరిగితే పోలీసులు మాకు రాసి పంపుతారు. మేం వెళ్ళి బండ్లు పరీక్షించి, యాంత్రిక లోపం ఉందా లేదా అన్నది రాసివ్వాలి. తప్పెవరిదో తేల్చేది కోర్టు.

జగ్గయ్యపేటలో చలమయ్య గారని ఒక మిరపకాయల వ్యాపారి ఉండేవారు. విజయవాడలో ఎవరో డాక్టరు కొన్నేళ్ళు వాడి వదిలించుకున్న చిన్న కారును ఆయన కొన్నారు. అందులో కంపెనీవాళ్ళు బిగించిన స్పీకరు ఒకటే, డ్యాష్‌బోర్డు లోపల, పూరీ అంత. కారులో కూర్చున్న నలుగురికి అది చాలు. కానీ తన కారులోని పాట తనకు వినపడితే చలమయ్య గారికి ఏం లాభం? బస్టాండులో ఉన్నవాళ్ళకు వినపడాలి. లేకపోతే కారు కొన్నట్టు ఊరికి ఎలా తెలుస్తుంది?

అందుకని పెళ్ళిళ్ళకూ ఉత్సవాలకూ మైకు సెట్లు అద్దెకిచ్చే వెంకటేశ్వర్లును పిలిపించారు. కారు స్పీకర్లకు మైకు సెట్టు మనిషిని పిలవడమంటే పంటి నొప్పికి కమ్మరిని పిలవడమే. అతను తలుపుల రేకు కోసి రెండు స్పీకర్లు బిగించాడు. వెనక అద్దం కింద అరమీద చెక్క డబ్బాల్లో ఇంకో రెండు పెట్టాడు. వాటి బరువుకు తగ్గట్టు మేకులు కూడా కొట్టలేదు. సీటు కింద బూస్టరు, అంటే పాట శబ్దాన్ని పెంచే పెట్టె, అమర్చాడు. డబ్బాలకు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు.

తర్వాత కారును బస్టాండు ఎదురుగా నిలిపి, తలుపులు బార్లా తెరిచి, పాట పెట్టారు. లైసెన్సు పరీక్షల కోసం ఆ రోజు నేనూ ఊళ్ళోనే ఉన్నాను. తలుపు రేకులు గడగడలాడుతుంటే ఆ చప్పుడును కూడా జనం సంగీతంలోనే కలుపుకున్నారు. అదిరిందన్నారు. రేకులు నిజంగానే అదిరాయి కాబట్టి నేను కాదనలేదు. చలమయ్య గారు నన్ను చూసి దగ్గరకొచ్చి, ఎలా ఉందండీ అని అడిగారు. ఊరంతా వినేట్టు ఉందన్నాను. ఆయన దాన్ని పొగడ్తగా తీసుకున్నారు. ఆగి ఉన్న కారును అంతమంది మెచ్చుకున్నారు గాని, అది నడిచేటప్పుడు ఎలా ఉంటుందో చూసినవాడు లేడు. సొంత కార్లకు ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు గనక చూసే అవకాశం మాకూ లేదు.

ఆ ఏడే వానాకాలంలో ఒక సాయంత్రం ఆ కారు విజయవాడ వెళ్తూ కీసర వంతెన దగ్గర మేకల మంద అడ్డం వస్తే ఆగింది. వెనకే ముక్త్యాల నుంచి సిమెంటు బస్తాలతో వస్తున్న లారీ, కారు కుడి వెనక మూలను గుద్దింది. లారీ డ్రైవరు పేరు సైదులు, కోదాడ వైపు మనిషి. కారు నడుపుతున్న చలమయ్య గారికి గీత కూడా పడలేదు. వెనక సీట్లో ఉన్న ఆయన బావమరిదికి మాత్రం భుజం ఎముక విరిగింది. విరగ్గొట్టింది లారీ కాదు. అర మీద నుంచి ఎగిరి పడిన స్పీకరు డబ్బా.

సైదులు తాగి, అడ్డదిడ్డంగా నడిపి గుద్దాడని చలమయ్య గారు ఫిర్యాదు చేశారు. డాక్టరు పరీక్షలో తాగలేదని తేలింది. అయినా అజాగ్రత్త కేసు మిగిలింది. పోలీసులు సైదులు లైసెన్సు తీసుకుని ఉంచారు. శిక్ష పడితే అది రద్దవుతుంది. ఆ లైసెన్సు తప్ప అతనికి సెంటు భూమి లేదు.

నేను ముందుగా లారీని చూశాను. బ్రేకు పెడల్, లైనింగులు, ఆయిలు, చక్రాలు అన్నీ సరిగా ఉన్నాయి. ఖాళీ రోడ్డు మీద నడిపి బ్రేకు వేస్తే ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. అదే మాట సైదులుతో చెప్పాను. అతను సంతోషించలేదు.

“బ్రేకులు మంచిగుంటే నేను పోయినట్టే గద సార్,” అన్నాడు.

అతని లెక్క సరైనదే. లారీలో లోపం లేకపోతే లోపం డ్రైవరులోనే ఉందని ఎవరైనా అనుకుంటారు. ఏం జరిగిందో చెప్పమన్నాను.

“ముందు కారు ఆగిందని తెలవలే సార్. ఎర్ర లైటు ఎలగలే. పాట మాత్రం ఇనబడుతనే ఉంది.”

ముందు బండికి లైటు వెలగలేదని చెప్పని డ్రైవరును నా సర్వీసు మొత్తంలో చూడలేదు. కాబట్టి ఆ మాటను నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. కారు చూస్తే తేలిపోతుంది. కానీ కారు అప్పటికే జగ్గయ్యపేటలో ఒక షెడ్డుకు చేరింది. మర్నాడు అసిస్టెంటును వెంటబెట్టుకుని వెళ్తే చలమయ్య గారు అడ్డం నిలబడ్డారు.

“గుద్దినోణ్ణి వదిలేసి గుద్దించుకున్నోణ్ణి చూస్తారేంటండీ? దెబ్బ తిన్నది నా కారు గదా.”

పోలీసులు రెండు బండ్లనూ పరీక్షించమని రాశారని చెప్పి, డ్రైవరు సీట్లో కూర్చున్నాను. దెబ్బ కుడి మూలకు తగిలింది గనక ఎడమవైపు దీపం అద్దంతో సహా క్షేమంగా ఉంది. అసిస్టెంటును వెనక నిలబెట్టి బ్రేకు తొక్కాను. వెలగడం లేదండి అన్నాడు. దీపం విప్పించాను. ఆ బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. ఒకటి రాత్రి దీపానికి, రెండోది బ్రేకు తొక్కినప్పుడు వెలగడానికి. రెండూ బాగానే ఉన్నాయి. బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే రెండూ వెలిగాయి. అంటే బల్బుకు కరెంటే రావడం లేదు. హారన్ నొక్కి చూస్తే షెడ్డులో పావురాలు ఎగిరిపోయాయి.

తీగ వెంట వెతుక్కుంటూ ముందుకొచ్చాం. డ్యాష్‌బోర్డు కింద, ఫ్యూజు పెట్టె పక్కన, స్టాప్ లైటు, అంటే బ్రేకు దీపం తీగ తెగి వేలాడుతోంది. చివర నల్ల టేపు చుట్టి ఉంది. దాని స్థానంలో ఫ్యూజుకు బూస్టరు తీగ బిగించి ఉంది. వెంకటేశ్వర్లును పిలిపించమన్నాను. అతను దాచలేదు సరికదా, తన పనితనం చూడ్డానికి మనిషి వచ్చాడని మురిసిపోయాడు.

“నేనే తీశానండి. బూస్టరు పెట్టాక ఫ్యూజు ఊరికే పోతా ఉంది. ఆ ఫ్యూజు మీదే హారనూ, బ్రేకు లైటూ ఉన్నాయి. హారన్ లేకుండా బండి ఎట్టా నడుస్తదండీ? దానికి బ్యాటరీ కాడి నుంచి వేరే వైరు లాగా. బ్రేకు లైటు పీకేశా. పెళ్ళి పందిట్లో జనరేటరు లోడు లాగకపోతే సీరియల్ బల్బులు తీసేసి మైకు నిలబెడతాం గదండీ. ఇదీ అంతే.”

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. హారన్‌కు వేరే తీగ లాగినవాడికి, ఆ తీగేదో బూస్టరుకే లాగి దానికో ఫ్యూజు పెడితే సరిపోతుందని తోచలేదు. పందిట్లో రంగు బల్బులు ఆరిపోతే పెళ్ళి ఆగదు. ముప్పై ఏళ్ళుగా అతను నేర్చుకున్నది అదే. రోడ్డును కూడా పందిరి కిందే జమకట్టాడు.

మీకు తెలుసా అని చలమయ్య గారిని అడిగాను.

“చెప్పాడండి. ఆ లైటు నాకేమన్నా కనపడుద్దా ఏంటండీ, ఎనక ఉండేదాయె.”

ఆ జవాబుకు నాకు ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పి ఉంటే ఇంకొంచెం గౌరవించేవాణ్ణేమో. పాటకు ఊరంతా కావాలి. దీపం దగ్గరకొచ్చేసరికి తానొక్కడే. ఆ తర్వాత ఆయన గొంతు తగ్గించి, గుద్దుడికి వైరు తెగిందని రాయవచ్చు కదండీ అన్నారు. గుద్దుకు తెగిన తీగ తన చివర తానే టేపు చుట్టుకోదని చెప్పాను. ఇంత చిన్నదానికి పట్టింపేమిటని ఊళ్ళో పెద్దలు కూడా ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా వెనక చెప్పుకున్నారని విన్నాను. చెప్పుకోనిచ్చాను.

చూసింది చూసినట్టు రిపోర్టు రాసి పంపాను. నందిగామ కోర్టులో సాక్ష్యం చెప్పాను. సైదులు మీద కేసు నిలవలేదు, లైసెన్సు తిరిగొచ్చింది. కానీ కేసు నడిచినన్నాళ్ళు లారీ యజమాని బండిని ఊరికే నిలపడు కదా, వేరే డ్రైవరును పెట్టుకున్నాడు. సైదులు సున్నపురాయి క్వారీలో టిప్పరు నడపడానికి తక్కువ జీతం మీద చేరాడు. నన్ను కలిసినప్పుడు ఆ సంగతి మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం మామూలుగా అనిపించలేదు. నా రిపోర్టు కేసును కొట్టేయించగలిగింది గాని పనిని తెచ్చివ్వలేకపోయింది.

చలమయ్య గారు కారు బాగుచేయించుకుని, నాకు చూపించడానికి నందిగామ దాకా వచ్చారు. స్టాప్ లైటు వెలుగుతోంది. స్పీకర్లు నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి. సైదులు ఏమయ్యాడని ఆయన అడగలేదు. ఆయనకు వేరే బాధ ఉంది.

“అంతా బాగానే ఉందండీ. బ్రేకు తొక్కినప్పుడల్లా పాట కొంచెం తగ్గుతా ఉంది. దానికేమన్నా మార్గం ఉందాండీ?”

లేదన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ బండి పరీక్షకొచ్చినా బ్రేకు పెడల్ నేనే తొక్కేవాణ్ణి, యజమానిని బండి వెనక నిలబెట్టేవాణ్ణి. చాలామంది తమ బండిని ఆ వైపు నుంచి చూడటం అదే మొదటిసారి. హారన్ చెడితే డ్రైవరు ఆ పూటే బాగుచేయించుకుంటాడు, ఎందుకంటే అది అతనికి కావాలి. వెనకవాడికి కావలసిన దీపం ఆరిపోతే అడిగే నాథుడుండడు. ఇన్‌స్పెక్టరు ఉద్యోగం పెట్టింది ఆ దీపం కోసమే.