రెండుసార్లు పలికిన రెండు పాయింట్లు

ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఏదైతేనేం, ఊరంతా ఆయన్ని పిలిచేది మైకు బాబాయి అనే. బస్టాండులో అద్దాల గది ఆయనది. పేరుకే గది. మనిషి లేచి నిలబడాలంటే కుర్చీని బయటికి నెట్టాల్సిందే. లోపల ఒక మైకు, దానికి చుట్టిన పాత చేతిరుమాలు, గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యంగా వస్తుందో పొద్దస్తమానం చెబుతూ ఉండడమే ఆయన ఉద్యోగం. ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి చెప్పేటప్పుడు సగంమంది ప్రయాణికులు సంచులు సర్దుకుంటూ ఉంటారని ఆయన సిద్ధాంతం. ఆ అలవాటు ఆయనతోపాటే ఇంటికీ వచ్చేసింది. భోజనాల దగ్గర మంచినీళ్ళు రెండుసార్లు అడిగితే వదినగారు గ్లాసు ఠంగున పెట్టి, "నీ ప్రతి మాటకీ తిరుగు టిక్కెట్టు కూడా ఉంటుందయ్యా" అనేది.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం బాబాయి ఆ అలవాటును కట్టిపెట్టేవాడు. అది హైస్కూలు అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఆల్ స్టార్ మ్యాచ్ జరిగే రోజు. అన్ని స్కూళ్ళలోంచీ ఏరి కోరి తీసిన పిల్లలు తూర్పు జట్టుగా, పడమర జట్టుగా ఆడతారు. ఏడాది పొడుగునా ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకున్నవాళ్ళు ఆ సాయంత్రం ఒకే రంగు చొక్కా తొడుక్కుని, ఒకరికొకరు బంతి అందించుకోవాలి. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. బాబాయి జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ ఆ మ్యాచ్‌కు మైకు ఆయనదే. దాని ముందు ఉద్యోగం, జీతం, పండిన జుట్టు అన్నీ దిగదుడుపే ఆయనకు.

ఆ పాత హాల్లో స్కోరు బోర్డు చేత్తో మార్చేది. బాల్కనీలో బోర్డు వెనక ఒక పెద్దాయన నిలబడి అంకెల అట్టలు తిప్పుతాడు. పిల్లలు ఆయన్ని బోర్డు తాత అంటారు. బోర్డు వెనక నిలబడ్డ మనిషికి ఆట ఎక్కడ కనబడుతుంది? ఆయనకు మైకే దిక్కు. "పడమర, రెండు పాయింట్లు" అని బాబాయి అంటే తాత పడమరకు రెండు కలుపుతాడు. ఇంకోసారి అంటే ఇంకో రెండు కలుపుతాడు. అందుకే ఆ రోజు బాబాయి నాలుక అదుపులో పెట్టుకుని, ప్రతిదీ ఒక్కసారే చెప్పేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క అట్ట కూడా తప్పుగా తిరగలేదు.

ఈ ఏడు బాబాయి అన్న కూతురు పడమర జట్టుకు ఎంపికైంది. చిన్న పిల్లే కానీ పిడుగు. ఇంట్లో పిలిచేదీ అలాగే. అడుగు ఊడిన బకెట్టును పెరటి గోడకు కొట్టి, ఆ పిల్ల చేతికి మొదటి బంతి ఇచ్చింది బాబాయే. ఎంపికైన కబురు తెలిసిన రోజు ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు. బస్టాండులో కనబడ్డ ప్రతి డ్రైవరుకూ, కండక్టరుకూ చెప్పాడు. రెండేసిసార్లు చెప్పాడు.

మ్యాచ్ ముందురోజు ఆ పిల్ల ప్రాక్టీసు నుంచి ముఖం మాడ్చుకుని వచ్చింది.

"బాబాయ్, నాకో మాటివ్వు."

"అడుగు తల్లీ, అడుగు."

"రేపు బాస్కెట్ నేను వేసినా, ఇంకెవరు వేసినా ఒకటే గొంతుతో చెప్పాలి. పిసరంత తేడా కూడా రాకూడదు."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

పిల్ల బూట్ల తాళ్ళు లాగుతూ చెప్పింది. "మా జట్టులో పొడుగుపిల్ల లేదూ, తను అంది. మైకు ఇంట్లోనే ఉంటే జట్టులో చోటు ఎందుకు దొరకదు అని. అందరూ నవ్వారు బాబాయ్. రేపు నువ్వు కొంచెం గట్టిగా అరిచినా అదే నిజమంటారు."

బాబాయికి ఒళ్ళు మండిపోయింది. గోడకేసి బంతి కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాసిన పిల్లను పట్టుకుని ఎంత మాట! అయినా దిగమింగుకుని, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు.

మరునాడు హాలు కిక్కిరిసిపోయింది. మెట్ల మీద చోటు చాలక గోడల వెంట నిలబడ్డారు జనం. ఈలలు, చప్పట్లు, స్టీలు పళ్ళేల మీద గరిటెల మోత. ఎవరి పిల్ల బంతి పట్టుకుంటే వాళ్ళమ్మ పూనకం వచ్చినట్టు లేచి నిలబడుతోంది. ఇంత గోలలోనూ బాబాయి ఒక్కడే బిగబట్టుకుని కూర్చున్నాడు. తూర్పు బాస్కెట్లను కాస్త హుషారుగానే చెబుతున్నాడు. పిడుగు వేసినప్పుడు మాత్రం గొంతు ఎక్కడ జారుతుందోనని మరీ చప్పగా చెబుతున్నాడు. పక్కన కూర్చుని స్కోరు రాసుకుంటున్న లెక్కల టీచరుకు చిర్రెత్తుకొచ్చింది.

"మీ అమ్మాయి బాస్కెట్ వేస్తే చావుకబురులా చెబుతారేంటండీ?"

"మాటిచ్చానండీ," అన్నాడు బాబాయి, చొక్కా చేతితో చెమట తుడుచుకుంటూ.

ఆఖరి నిమిషం వచ్చేసింది. తూర్పు అరవై రెండు, పడమర యాభై తొమ్మిది. పిడుగు బంతి అందుకుంది. ఇద్దరి మధ్య నుంచి దూరింది. మూడో అమ్మాయి అడ్డంగా చెయ్యి చాపితే దాని కింద నుంచి వంగి ఎడమచేత్తో బంతిని పైకి వదిలింది. అది రింగు మీద ఒక చుట్టు తిరిగి, పడనా వద్దా అని ఊరించి, లోపల పడింది.

బాబాయి ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఆయనకే తెలియదు. "పడమర! రెండు పాయింట్లు!" అని గొంతు చించుకున్నాడు. హాలు హోరెత్తిపోయింది. ఆ హోరులో ఒళ్ళు మరిచి, ఊపిరి పీల్చుకుని, "పడమర! రెండు పాయింట్లు!" అని మళ్ళీ అరిచాడు. బాల్కనీలో అట్ట ఒకసారి తిరిగింది. ఇంకోసారీ తిరిగింది. అరవై ఒకటి ఉండాల్సిన చోట అరవై మూడు కూర్చుంది.

తూర్పు వాళ్ళు బంతి తీసుకుని దూసుకొచ్చారు, వేశారు, తప్పింది. పొడుగుపిల్ల ఎగిరి బంతి అందుకుని పిడుగుకిచ్చింది. పిడుగు తలెత్తి బోర్డు చూసింది. తమదే ఒక పాయింటు పైచేయి. ఇంకేం, ఉన్న కాసిని క్షణాలు బంతి చెయ్యి జారకుండా చూసుకుంటే చాలు. నేలకు కొట్టుకుంటూ వెనక్కీ పక్కకీ తిరుగుతూ తూర్పు వాళ్ళను పరుగులు పెట్టించడం మొదలుపెట్టింది. జనం కేరింతలు కొట్టారు. బాబాయి కూడా నవ్వుతున్నాడు, పాపం.

టీచరు ఆయన మోచెయ్యి పట్టి గుంజింది. "నా కాగితంలో అరవై ఒకటేనండీ! బోర్డు మీద అరవై మూడేంటి?"

బాబాయి తలెత్తి బోర్డు చూశాడు. బంతి ఆటలో ఉంది, మధ్యలో ఆపే వీలు లేదు. నోరు మూసుకుంటే పిల్ల గెలిచాననుకుంటూ ఓడిపోతుంది. నోరు విప్పితే, ఆమె బాస్కెట్‌కు బాబాయి ఒళ్ళు మరిచి రెండుసార్లు అరిచాడని హాలంతటికీ తెలుస్తుంది. పరువు పోతే పోయింది, పిల్ల ఆట పోకూడదనుకుని మైకు లాక్కున్నాడు. ఆ కంగారులో నోటికి వచ్చింది బస్టాండు భాషే.

"ప్రయాణికులకు గమనిక! పడమర జట్టు ఒక పాయింటు వెనక నడుస్తోంది! బోర్డు తప్పు! తప్పు నాది! ఒక పాయింటు వెనక!"

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. తూర్పు పిల్లలు ఏది నిజమో తెలియక తలెత్తి బోర్డు చూశారు. పిడుగు మాత్రం చూడలేదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న గొంతు అది. మాట పూర్తికాకుండానే మలుపు తిరిగి రింగు మీదికి ఉరికింది. తేరుకున్న ముగ్గురు ఆమెను చుట్టుముట్టారు. ఆమే వేస్తుందని వాళ్ళకు తెలుసు, జనానికి తెలుసు, బాబాయికీ తెలుసు. ఆమె వెయ్యలేదు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి బంతిని నేలకు కొట్టి రింగు కింద ఒంటరిగా నిలబడ్డ పొడుగుపిల్లకు పంపింది. పొడుగుపిల్ల ఉలిక్కిపడి అందుకుని పైకి వదిలింది. బంతి గాల్లో ఉండగా ఆఖరి ఈల మోగింది. బంతి వలలోంచి కిందికి జారింది. ఈలకు ముందే చెయ్యి వదిలిన బంతి, లెక్కలోకి వచ్చింది.

బోర్డు మీది అబద్ధం నిజమైపోయింది. బోర్డు తాత సరిదిద్దుదామని తీసిన అరవై ఒకటి అట్ట చేతిలోనే ఉండిపోయింది.

పొడుగుపిల్ల పరుగున వచ్చి పిడుగును అమాంతం పైకెత్తేసింది. "నువ్వే వెయ్యొచ్చు కదే! నాకెందుకిచ్చావ్?"

"నువ్వు ఖాళీగా ఉన్నావు కదా."

పొడుగుపిల్ల ఆమెను దించకుండానే చంకలో పెట్టుకుని కోర్టంతా తిప్పింది.

కాసేపటికి పిడుగు మైకు బల్ల దగ్గరికి వచ్చింది. రొప్పుతోంది. "రెండుసార్లు చెప్పావు."

"చెప్పాను తల్లీ, చెప్పాను."

"మాటిచ్చావు బాబాయ్."

"నిలబెట్టుకోలేకపోయాను." ఆయన కళ్ళనిండా నీళ్ళు. పిల్ల ఆయన చెంపలు రెండూ చెమట చేతులతో గట్టిగా నొక్కి, జట్టు పిలుస్తుంటే మళ్ళీ పరుగెత్తింది.

ఇంతలో మ్యాచ్ జరిపించే సంఘం కార్యదర్శి వచ్చాడు. ఆయన అటువైపు వస్తుంటేనే బాబాయి లేచి నిలబడి మైకు ఆయన చేతికిచ్చాడు.

"వచ్చే ఏటికి వేరేవాళ్ళని చూసుకోండి."

"అదేంటండీ! ఇన్నేళ్ళలో ఒక్క పొరపాటు, దానికేనా?"

"పొరపాటుకి కాదండీ. వచ్చే ఏడూ మా పిల్ల ఆడుతుంది. నేను మెట్ల మీద కూర్చుని గొంతు పోయేదాకా అరవాలి."