మైక్రోస్కోపుకు పెట్టిన బొట్టు

మా ల్యాబ్‌లో మైక్రోస్కోపుకు బొట్టు పెట్టింది నేనే. ఈ ముక్క ఇంత తీరిగ్గా ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

బెల్‌ఫాస్ట్‌లో పీహెచ్‌డీ మొదలుపెట్టిన ఏడు. దసరాకి మా ఇంట్లో స్కూటరుకూ కుట్టుమిషనుకూ బొట్టు పెట్టడం అలవాటు. ఇక్కడ నాకు స్కూటరు లేదు, ఉన్నదల్లా పచ్చ లేజరు బిగించిన మైక్రోస్కోపు. ఇండియన్ షాపులో కొన్న కుంకుమ పొట్లం విప్పి, దాని ఇనుప అంచుమీద చిన్న బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. క్లీనర్లు తుడవాల్సిన వాటి జాబితాలో ఆ యంత్రం లేదు కాబట్టి బొట్టు వేసవి దాకా క్షేమంగా ఉంది.

వేసవిలో మాస్టర్స్ ప్రాజెక్టుకి వరంగల్ అమ్మాయి వచ్చింది. రాగానే బొట్టు చూసి, "అన్నా, ఈడ మనోళ్ళున్నరన్నమాట!" అంది. ఆ నిమిషం నుంచి నేను అన్నని.

ఆమె పని ఇదీ. నీళ్ళలో కంటికి ఆనని వెండి రేణువులుంటాయి. వాటిమీద ఒక ఎర్రరంగు అణువు కూర్చోవాలి. మామూలుగా ఆ అణువు లేజరు వెలుగులో ఏదో గొణుగుతుంది, ఎవరికీ వినపడదు. వెండికి అంటుకుని కూర్చుందా, ఇక పెళ్ళిలో మైకు దొరికిన పెద్దాయనే. గుంపు కట్టిన వెండీ, ఆ రంగూ రెండూ పచ్చ వెలుగుకే ఊగుతాయి, ఒకదాని ఊపు రెండోదానికి అందుతుంది. అప్పుడు అణువు తన గీతలు కంప్యూటరు మీద గీసి చూపిస్తుంది. రంగును ఎంత పలచన చేసేదాకా ఆ గీతలు కనబడతాయో తేల్చాలి. బాగా తేలిస్తే పీహెచ్‌డీకి తీసుకుంటానన్నారు ప్రొఫెసర్. ఆయన మాట నమ్మి ఆమె ఇంకెక్కడా అప్లై చెయ్యలేదు.

పలచన చేస్తూ పోయింది. గీతలు పోవే!

"ఇగో చూడన్నా! గింత రంగు పాకాల చెరువుల కలిపినా దొరికేటట్టుంది."

అదే సీసాతో ప్రొఫెసర్ చేసి చూశారు. ఏమీ రాలేదు. నేను చేశాను. అదీ అంతే. ఆమె చేస్తే మళ్ళీ గీతలు. ప్రొఫెసర్ కనుబొమలు ఒక మిల్లీమీటరు లేచాయి. ఆయన లెక్కలో అది కేరింత. నేనేమో "హస్తవాసి" అన్నాను, పైగా నమ్మాను. గురువారం గ్రూపు మీటింగులో అందరికీ చూపించమన్నారు.

బుధవారం ఆమె వెనక నిలబడ్డాను, ఊరికే. గ్లవ్ తొడుక్కుంది. వేలితో బొట్టును తాకి కళ్ళద్దాలకు అద్దుకుంది. అదే వేలితో గాజుపలక పట్టుకుని, దానిమీద చుక్క వేసింది.

నాకు కుంకుమ పొట్లం గుర్తొచ్చింది.

"రోజూ ఇలాగే మొక్కుతావా?"

"రోజూ ఏంది, ప్రతి సాంపిల్‌కి. ఏమైంది?"

చౌక కుంకుమలో ఆమె కొలుస్తున్న ఈ ఎర్రరంగే కలుపుతారని నేనెక్కడో చదివాను. చదివి, పొట్లం కొని, మర్చిపోయాను.

"రంగు వెయ్యకు. ఒట్టి వెండినీళ్ళు పెట్టు. మొక్కి మరీ పెట్టు."

గీతలు నిటారుగా లేచాయి. కొత్త గ్లవ్, కొత్త పలక, మొక్కు లేదు. ఈసారి తెర బల్లపరుపు.

ఆమె రెండు బొమ్మలనూ తెరమీద పక్కపక్కన పెట్టింది. తర్వాత, "అయితే గిన్ని దినాలు నేను కొలిచింది నీ బొట్టునా?" అంది.

"మన బొట్టు," అన్నాను. బాధ్యత పంచడంలో నాది పెద్ద చెయ్యి.

"పెట్టింది నువ్వు, మొక్కింది నేను. సార్‌కి ఎవలు చెప్తరు?"

"నేను చెబుతాలే."

"వద్దు. ప్రాజెక్టు నాది."

గురువారం ఆమె రెండే బొమ్మలు చూపించింది, మొక్కింది ఒకటి, మొక్కనిది ఒకటి. అసలు లెక్క పాకాల చెరువు కాదు, మహా అయితే ఒక బిందె. ఎక్కడా ఆగకుండా చివరిదాకా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం టేబుల్ కింద దూరాలనిపించింది.

ప్రొఫెసర్ మొదటి బొమ్మనే చూస్తూ కూర్చున్నారు. "ఆ పొడి ఇంకా ఉందా?"

పొట్లం ఇచ్చాను. ఆయన ఆమె వైపు తిరిగారు.

"జనం తినే పొడుల్లో, పూసుకునే పొడుల్లో ఈ రంగును పట్టడం. సెప్టెంబరు నుంచి అది నీ పీహెచ్‌డీ. రోజూ ముందు ఒట్టి వెండినీళ్ళు పెట్టి చూడాలి మరి."

బొట్టు నేనే స్పిరిటుతో తుడిచాను. ఇప్పుడు దసరా బొట్టు ల్యాబ్ తలుపుకు, బయటివైపు. ఆమె రెండో ఏడులో ఉంది. ఇప్పటికీ సాంపిల్ పెట్టేముందు ఆమె చెయ్యి ఆ ఇనుప అంచు వైపు కొంచెం లేస్తుంది, మధ్యలో ఆగుతుంది.

"ఏం చూస్తున్నవన్నా? మొక్కుతలేను."

నేనేమీ అననే లేదు.