గొంతు పోయాక యాదన్న పంపిన మొదటి మాట

ఈ రోజు నాచారంలో యాదన్న ఇంటికి వెళ్ళాను. లైసెన్సు తీసుకుని దూరాన ఉన్నవాళ్ళతో సరదాగా మాట్లాడుకునే హామ్ రేడియోను నాకు నేర్పింది ఆయనే. గొంతు ఆపరేషన్‌లో మాట పోయాక ఆయన రేడియో ముట్టుకోవడం మానేశాడు.

మాటలకు బదులు అక్షరాలు పంపుకునేలా రేడియోను కంప్యూటర్‌కు కలిపి, ఇంటర్నెట్‌లో లాగే దానికో ఐపీ అడ్రస్ ఇచ్చాను. రామంతాపూర్‌లో ఉండే ఆయన దోస్తు సత్తన్న రేడియోను కూడా నిన్ననే ఇలాగే కలిపి ఇంకో అడ్రస్ ఇచ్చాను. మధ్యాహ్నమంతా ఆ రెండు రేడియోలూ కలవలేదు. అడ్రస్‌లో ఒక అంకె తప్పు కొట్టానని చివరికి తెలిసి, సరిచేశాను.

చాయ్ తెచ్చిన వదిన, “గింత తిప్పలెందుకయ్యా? ఫోన్ల రాసుకుంటే అయిపాయె గదా!” అంది.

యాదన్న నెమ్మదిగా టైపు చేసి చూపించాడు: “ఫోన్ల అందరు పానం ఎట్లున్నదని అడుగుతరు. రేడియోల ముచ్చట వెడతరు.”

వదిన కుర్చీ జరుపుకొని ఆయన పక్కన కూర్చుంది.

“సత్తన్నా, ఉన్నవా?” అని ఆయన పంపాడు. రేడియో కీచుమంది. కాసేపటికి తెర మీద జవాబు కనిపించింది: “ఉన్ననే. నువ్వు లేక సాయంత్రాలు పొద్దు పోతలేదు.”

యాదన్న మళ్ళీ కీబోర్డు అందుకున్నాడు.

లైసెన్సున్న హామ్ మిత్రులారా, ఆయనకో మాట పంపండి. జవాబు ఆలస్యమైతే మీ రేడియోను అనుమానించకండి. యాదన్న ఒంటి వేలితో టైపు చేస్తాడు.