నర్సింలు చేతిలోని రెండో సైకిల్

నా తమ్ముడు నర్సింలు పోయి నెల దాటింది. అతడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. మనుమలను ఎత్తిన నేను మిగిలి, నేను ఎత్తుకుని పెంచినవాడు పోవడం ఎంత విపరీతమో చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఉదయం చాటలో బియ్యం ఏరుతున్నాను. పక్కింటి సాయమ్మ ఉరికొచ్చింది.

"పెద్దక్కా, చాట ఆడ వెట్టు. జెర బొంబాయి రోడ్డు దాక పోదాం రా."

"ఎందుకే, ఏమైంది?" అన్నాను. చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుంది. సాయమ్మ ఊరికే చెయ్యి పట్టుకునే మనిషి కాదు. చాట అక్కడే వదిలి లేచాను.

రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ దగ్గర, రోడ్డు పక్కన, ఎవరిదో గోనె సంచి పరిచి నర్సింలును పడుకోబెట్టారు. గుద్దిన లారీ ఆగలేదట. ఒక పక్క అతడి సైకిల్ వంగి పడి ఉంది. ఇంకొక పక్క ఇంకొక సైకిల్ ఉంది. ఆ రెండో సైకిల్ కోసమే నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కార్మిక సంఘం వారు సంతాప సభ జరిపారు. మైకు కట్టారు. నర్సింలు మరణం తీరని లోటన్నారు, ఆ మహోన్నత వ్యక్తిత్వానికి జోహారులన్నారు. తీరని లోటు అనే మాటకు ఖర్చేమీ లేదు, అందుకే అందరూ ధారాళంగా వాడారు. నా చేతికి పూలదండ ఇచ్చి ఫొటోకు వేయమన్నారు, వేశాను. ఒక్కరూ ఆ రెండో సైకిల్ మాట ఎత్తలేదు. సభ ముగిశాక కార్యదర్శి వచ్చి, "పెద్దమ్మా, మన పత్రికకు తమ్ముడి గురించి ఏమన్న రాసియ్యి" అన్నాడు. మూడో తరగతి దాకా చదివిన దాన్ని. అయినా రాస్తున్నాను. వీరు రాయనిది రాయడానికి మూడో తరగతి సరిపోతుంది.

మా అమ్మ పోయినప్పుడు నర్సింలుకు ఆరేళ్లు. ఇంద్రేశంలో నా అత్తగారింట్లోనే పెరిగాడు, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. బొంబాయి రోడ్డు పొడుగునా కార్ఖానాలు లేస్తున్న కొత్తలో, అరవైల చివర, మా ఊరి నుండి నౌకరి దొరికిన మొదటి నలుగురిలో అతడొకడు. హెల్పరుగా చేరి ఫిట్టరు అయ్యాడు. మొదట్లో చేల గట్ల మీద నడిచిపోయేవాడు. సైరన్ మోగి ఆగగానే గేటు మూస్తారు. ఆ తరువాత వచ్చినవాడు ఎంత చెమటతో వచ్చినా వెనక్కి తిరగవలసిందే. రెండుసార్లు అట్లా తిరిగి వచ్చాక సైకిల్ కావాలన్నాడు.

"కాళ్లు లేవురా నీకు?" అన్నాను.

"నాకు కాళ్లున్నయక్కా. సైరన్‌కు కండ్లు లేవు."

సంగారెడ్డిలో ఒక పాత సైకిల్‌ను నేనే బేరమాడాను. సీటు చిరిగి ఉంటే నా పాత చీర నాలుగు మడతలు వేసి కుట్టాను. గంట కొననివ్వలేదు, నోరున్న మనిషికి గంట ఎందుకన్నాను. చచ్చేదాకా అతడు "జరుగున్రి, జరుగున్రి" అని నోటితో అరుచుకుంటూనే పోయాడు. బొంబాయి రోడ్డు మీద ఆ గొంతు ఎరగని బండివాడు లేడు.

కుర్చీలో కూర్చుని నౌకరి చేసేవారికి ఆ దారి తెలియదు. మాది నల్లరేగడి. వాన పడితే మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ సిమెంటులాగా పట్టేసి, చక్రం తిరగదు. నర్సింలు హ్యాండిల్‌కు ఒక తుమ్మపుల్ల కట్టుకునేవాడు, ఆ మట్టి పొడిచి తీయడానికి. పుల్ల కూడా పనిచేయని రోజు సైకిల్‌ను భుజానికి ఎత్తుకుని తారు రోడ్డు దాకా నడిచేవాడు. అక్కడ గుంటనీళ్లలో కాళ్లు కడిగి, మెడలో వేసుకున్న బూట్లు తీసి తొడుక్కునేవాడు. ఆషాఢంలో ఎదురుగాలికి సైకిల్ ముందుకు కదలదు. అప్పుడు వరుసగా పోవాలి. ముందువాడికి గాలి తగులుతుంది, వెనకవాళ్లకు అతడే అడ్డం. ఆ ముందువాడు ఎవరో అడగవద్దు. సాయంత్రం ఇంటికి వచ్చి తొడలు నొక్కుకుంటుంటే మా మరదలు సత్తెమ్మ అడిగేది, "రోజూ నువ్వే ముందట పోవాల్నా? మిగిలినోళ్లకు తొడలు లేవా?" అని. "ఉన్నయి గానీ, నా తొడలంత మంచిగ లేవు" అని నవ్వేవాడు.

ఊరి నుండి పోయే సైకిళ్లు పదకొండు. ఎక్కువమంది మా రైతు పిల్లలే. కృష్ణా జిల్లా నుండి నౌకరికి వచ్చి మా ఊళ్లో కిరాయికి ఉంటున్న సుబ్బారావు కూడా ఆ గుంపులోనే. ఆ పదకొండుమందికీ నర్సింలు పెట్టిన ఒక కట్టుబాటు ఉంది. దారిలో ఎవరి టైరు గాలి పోయినా అతణ్ణి వదిలిపోరాదు. అతుకు వేసే వ్యవధి ఉండదు కనుక గాలి పోయినవాడు ఇంకొకరి క్యారియర్ మీద కూర్చోవాలి. అతడి ఖాళీ సైకిల్‌ను నర్సింలు తెచ్చేవాడు. కుడిచేత్తో తన హ్యాండిల్, ఎడమచేత్తో రోడ్డు అంచు వైపున ఆ రెండో సైకిల్ హ్యాండిల్. తాను తొక్కుతూ, దాన్ని పక్కన ఎడ్లజతలో రెండో ఎద్దులాగా నడిపించుకుంటూ పోయేవాడు. ఇతరులు ప్రయత్నించి కింద పడ్డారు. అతడికి ఒక్కడికే వచ్చిన విద్య.

నేను ఊరుకోలేదు. "ఎవనిదో సైకిల్ నువ్వెందుకు గుంజుకపోవాలె? నీ సైకిల్ ఖరాబైతది, నీ చెయ్యి ఖరాబైతది. వానిది వాడు నడిపించుకొని రాడా?"

"నడిపించుకొని వస్తే గేటు మూస్తరక్కా. ఇయ్యాల వాన్ని ఇడిసిపెడితే, రేపు నా గాలి పోయిననాడు ఏ మొగం పెట్టుకొని ఆగుమంట?"

సైకిల్ ఉన్నవాడు పంచాయతీకి ఏటా ఇంత కట్టి, రేకుబిళ్ల తెచ్చి హ్యాండిల్‌కు తగిలించుకోవాలి. ఆ బిళ్ల మీది నంబరుతో సైకిల్ ఎవరిదో పుస్తకంలో ఉంటుంది. ఆ పదకొండుమందిలో బిళ్ల ఉన్నది నర్సింలు సైకిల్‌కే. ఎవరడుగుతారులే అని మిగతావాళ్లు కొనలేదు. "రేకుముక్కకు పైసలు పోస్తవా, తినడానికి పనికొస్తదా?" అని నేనూ తిట్టాను. ఆ తిట్టు తప్పు. తప్పని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. నాలాగే ఒప్పుకోవలసినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆనాడు జరిగింది ఇది. మొదటి షిఫ్టుకు పోతుండగా మోరీకి ఇవతల ఆ గుంపులోని యాదగిరి సైకిల్ వెనక టైరు పగిలింది. సుబ్బారావు యాదగిరిని క్యారియర్ మీద ఎక్కించుకున్నాడు. నర్సింలు యాదగిరి సైకిల్‌ను ఎడమచేత పట్టుకున్నాడు. రెండు సైకిళ్లతో వెనకబడ్డాడు. ఇంతలో సైరన్ అందుకుంది. మిగిలినవారంతా తలలు వంచి తొక్కారు. ఒక్కడూ వెనక్కి చూడలేదు. వాళ్లు గేటు లోపల మిషన్ల దగ్గర నిలబడేసరికి నా తమ్ముడు రోడ్డు మీద పడి ఉన్నాడు.

ఇంతవరకు విధి అనుకుంటాను. దీని తరువాతది విధి కాదు, మనుషులు చేసినది.

ఒక సైకిల్ మీద ఇద్దరు వచ్చే కార్మికులకు మెమో ఇస్తామని కార్ఖానాలో నోటీసు ఉంది. రోజూ గేటుకు కాస్త ముందే దిగి నడిచేవారు కనుక ఎన్నడూ దొరకలేదు. ఇప్పుడు ఆ రెండో సైకిల్ ఎవరిదో చెబితే, దాని యజమాని ఎట్లా వచ్చాడన్న ప్రశ్న పుడుతుంది. అందుకని ఠాణాలో అడిగినప్పుడు పదిమందీ ఒకే మాట చెప్పారు. మాకు తెలియదు. బిళ్ల లేని సైకిల్, యజమాని లేడు, చనిపోయినవాడి చేతిలో ఉంది. అనుమానించదగిన సైకిల్ అని కాగితం మీద ఎక్కింది. ఆ కాగితం ఊళ్లోకి రావడానికి రెండు రోజులు పట్టలేదు.

కిరాణా దుకాణం దగ్గర నా చెవులతో నేనే విన్నాను. నేను వెనక నిలబడి ఉన్నానని తెలియక ఒకావిడ అంటోంది, "మంచోడనుకున్నం గదవ్వా. ఒక్క మనిషికి రెండు సైకిళ్లేంది? దొంగ సైకిళ్ల బేరమంట."

"నిరుడు వానల్ల నీ కొడుకు సైకిల్ గాలి పోతే కార్ఖానా దాక ఎవరు గుంజుకపోయిండ్రో యాదున్నదా?" అన్నాను. ఆమె ఉప్పు తీసుకోకుండానే పోయింది. పదేళ్లు పరుల సైకిళ్లను మోసిన చేతికి దొంగచెయ్యి అని పేరు! ఇంతకంటే కృతఘ్నత ఈ భూమ్మీద ఉంటుందా?

పదకొండో దినాన అన్నానికి పదిమందీ వచ్చారు. బంతిలో కూర్చున్నారు. నేను అన్నం గంప చంకన పెట్టుకుని వాకిట్లోకి చూశాను. గోడకు ఆనించిన సైకిళ్లు తొమ్మిది.

"మనుషులు పది, సైకిళ్లు తొమ్మిది. నడిచొచ్చినోడెవడు?" అన్నాను.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సప్పుడు జెయ్యకుంటే అన్నం సల్లారుతది. నాకేం తొందర లేదు."

యాదగిరి విస్తరి మీద నీళ్లు చల్లుతున్నాడు. చల్లినచోటే మళ్లీ చల్లుతున్నాడు.

"విస్తరి కడిగింది సాలు యాదగిరీ. నీ సైకిలేది?"

"అమ్మిన పెద్దక్కా."

"ఎవనికి? పేరు జెప్పు, పోయి అడుగుత."

అతడి తల విస్తరిలోకి వంగింది. "నాదే పెద్దక్కా. ఠాణాల ఉన్నది నాదే."

సుబ్బారావు కల్పించుకున్నాడు. "అతనొక్కడిదే తప్పు కాదండి అక్కగారూ. ఎక్కించుకున్నది నేను. సైరన్ వినబడగానే గట్టిగా తొక్కింది నేను. నర్సింలు వచ్చేస్తాడులే అనుకున్నామండి."

"అనుకున్నరు. మరి ఠాణాల తెలిసింది ఎందుకు జెప్పలే?"

"నా మీద ఇదివరకే ఒక మెమో ఉన్నది పెద్దక్కా" అన్నాడు యాదగిరి. "ఇంకోటి వడితే నౌకరి పోతది. ముగ్గురు పిల్లలు."

"నా తమ్మునికి పిల్లలు లేరా? ఆళ్లు దొంగ పిల్లలని పేరు మోసుకొని బడికి పోవాల్నా?"

ఆ దినాన వచ్చినవారిని ఆకలితో పంపితే పోయినవాడికే ఆకలి అంటారు. అందుకని వడ్డించాను. లేకుంటే గింజ కూడా వేసేదాన్ని కాదు.

"తినున్రి. నా తమ్ముని పేరు మీద వండింది. అరిగించుకునుడు మీ పని" అన్నాను.

తిన్నారు. చేతులు కడుక్కున్నారు. పోయారు. ఆ తరువాత మూడు వారాలు చూశాను. ఒక్కడూ ఠాణా మెట్టు ఎక్కలేదు. నేను పోయి చెబితే, "యజమాని రావాలమ్మా" అన్నారు. తొమ్మిది సైకిళ్లు మాత్రం రోజూ పోతున్నాయి. మొన్న మోరీ దగ్గర ఒకడి టైరు గాలి పోయింది. చేను గట్టు మీద నుండి నేనే చూశాను. మిగతా ఎనిమిదీ ఆగకుండా పోయాయి. వాడు సైకిల్‌ను నెట్టుకుంటూ, రోడ్డు వెంట వెనక్కి వెనక్కి చూసుకుంటూ నడిచాడు. ఎవరి కోసం చూశాడో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ చెయ్యి ఈ ఊరికి మళ్లీ దొరకదు. సభలో మైకు ముందు చెప్పవలసిన లోటు అది.

ఇదంతా రాశాక, చాటున పేరెత్తడం నా పద్ధతి కాదు కనుక, నిన్న మధ్యాహ్నం యాదగిరి ఇంటికి పోయి కాగితాలు విప్పి మొదటి నుండి చదివాను. అతడు గడప మీద కూర్చుని విన్నాడు. అతడి భార్య లచ్చమ్మ పొయ్యి దగ్గరి నుండి లేచి వచ్చి నిలబడింది.

"ఇందులో నీ పేరున్నది. అచ్చయితది. కార్ఖానల అందరు సదువుతరు. తీసెయ్యమంటవా?" అన్నాను. తీసేయమన్నా తీసేదాన్ని కాదు. ఏమంటాడో వినాలని అడిగాను.

యాదగిరి లచ్చమ్మ వైపు చూశాడు. లచ్చమ్మే అంది, "ఉంచు పెద్దక్కా. ఈ మనిషి నెల సంది సక్కగ బువ్వ తింటలేడు, నన్ను తిననిస్తలేడు. నౌకరి పోతే చేన్లల్ల కైకిలికి పోతం."

యాదగిరి మొహం తుడుచుకున్నాడు. "పేరు ఉంచు. ఇంటిపేరు గూడ రాయి పెద్దక్కా. ఊర్ల ఇంకో యాదగిరి ఉన్నడు, పాపం, ఆయన మీదికి పోతది. రేపు నేను ఠాణాకు వోత."

పోతాడో పోడో నాకు తెలియదు. ఇదివరకు వీళ్లు అనుకున్నవన్నీ ఏమయ్యాయో చూశాను. అతణ్ణి నేను మెచ్చుకోలేదు, లచ్చమ్మ మంచినీళ్లు ఇస్తే తాగలేదు. నెల ఆలస్యంగా వచ్చిన నిజానికి నేను దండం పెట్టను. కానీ అడిగినది న్యాయం కనుక అట్లాగే రాస్తున్నాను.

ఠాణా గోడకు ఆనించి ఉన్న ఆ సైకిల్ మన్నె యాదగిరిది. దాన్ని అతడి కోసం కార్ఖానాకు చేరుస్తూ, నిష్కళంకుడైన నా తమ్ముడు నర్సింలు ప్రాణం విడిచాడు. చేతిలో రెండో సైకిల్ లేకపోతే తొందరగా గేటు చేరి ఉండేవాడు, బతికి ఉండేవాడు. దాన్ని వదిలేయడం అతడికి చేతకాలేదు.