ఓర్విల్ విప్పని బూటు

గార్నెట్ మల్లిన్స్ ఒక పని పట్టుకుందంటే ఉడుంపట్టే. బడి వంటింట్లో ఏళ్ళ తరబడి పిల్లలకు వండి వార్చి రిటైరైన మనిషి. తోటివాళ్ళంతా వరండాలో ఊగే కుర్చీలు వేసుకుని మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకునే వయసులో, ఈవిడ లోయలోని పాత సైనికుల కాగితాలన్నీ నెత్తికెత్తుకుంది. మా బొగ్గుగనుల లోయలో ఏ కొండవాగు వెంట పోయినా యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు ఒకడుంటాడు. పతకం సంపాదించినా, ఆ సంగతి సైన్యం రికార్డులోకి ఎక్కనివాడూ ఉంటాడు. అలాంటివాళ్ళంతా మంగళవారం పొద్దున్నే ఆవిడ వంటింటి బల్ల ముందు టోపీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ముందు పొయ్యి మీంచి దించిన మెత్తటి రొట్టెల్లాంటి బిస్కట్లూ, వాటి మీద పోసే చిక్కటి గ్రేవీ తినాలి, తర్వాతే మాట. తిననివాడి పని ఆవిడ ముట్టుకోదు.

ఈ యావ ఆవిడకి ఊరికే పట్టలేదు. మొగుడు ఆస్కార్‌కి రావలసిన పతకం, ఆయన పోయాక ఏడాదికి, అట్టపెట్టెలో, పోస్టులో వచ్చింది. "దీన్నిప్పుడు ఎవడి ఛాతీకి తగిలించమంటారు?" అని పోస్టు తెచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి దులిపేసింది. పాపం, వాడేం చేశాడు! కానీ ఆ కోపం ఆవిడలో చల్లారలేదు. ఆ కోపం మీదే ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ పనులు ఉడికాయి. చాలామందికి బతికుండగానే పతకాలు ఇప్పించింది.

తొంభై ఎనిమిదిలో ఒక మంగళవారం, మగవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఐసీ స్టిడమ్ వచ్చి కూర్చుంది. ఓర్విల్ స్టిడమ్ పెళ్ళాం. ఓర్విల్ గురించి చెప్పాలంటే ముందు మా చర్చి గురించి చెప్పాలి.

జూన్ మొదటి ఆదివారం మా చర్చిలో ఆరాధనలో భాగంగా ఒకరి పాదాలు ఒకరు కడుక్కుంటాం. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. నడుముకి తువ్వాలు కట్టుకుని, ఎదుటివాడి ముందు మోకరించి, తొట్టిలో అతని పాదాలు కడిగి తుడవాలి. తర్వాత అతను లేచి మన పాదాలు కడుగుతాడు. కంచె దగ్గర కొట్టుకున్నవాళ్ళు, ఏడాదంతా మొహాలు చూసుకోనివాళ్ళు కూడా ఆ రోజు కౌగిలించుకుని ఏడుస్తారు. ఓర్విల్ అందరి పాదాలూ కడిగేవాడు, ఎవరికి పుండున్నా ఎవరి గోరు పుచ్చినా వెరవకుండా. తన వంతు వచ్చేసరికి మాత్రం లేచి బయటికి పోయేవాడు. కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రతనం నుంచీ ఇదే వరస. గనిలో కూడా అంతే. షిఫ్టు దిగాక అందరూ స్నానాలగదిలో నల్లటి ఒళ్ళు కడుక్కుంటుంటే, ఇతను బొగ్గుమసితోనే, బూట్లతోనే, ఇంటికి నడిచిపోయేవాడు.

ఊరికి ఒకటే తోచింది: పొగరు. తాను కడుగుతాడట గానీ మరొకడి ముందు కాలు చాపడట, అంత గొప్పవాడా అని. కుండ మూతికి మూకుడుంది గానీ లోకుల నోటికి మూకుడేదీ? అందరికన్నా ఎక్కువ ఆడిపోసుకుంది ఐసీ తమ్ముడు వెర్లిన్. "మా బావ కాలికి బంగారు కడియం ఉంది, మనం చూస్తే అరిగిపోతుంది" అని చర్చి మెట్ల మీద అందరినీ నవ్వించేవాడు. నిజం చెప్పొద్దూ, గార్నెట్ కూడా నవ్వినవాళ్ళలో ఉంది.

ఐసీ ఆ రోజు బిస్కట్టు ముట్టకుండానే ఏడ్చింది. గార్నెట్ మొదటిసారి తన నియమాన్ని పక్కన పెట్టింది. ఓర్విల్ ఊపిరితిత్తుల్లో బొగ్గు నిండిపోయిందట. ఆక్సిజన్ గొట్టం లేకుండా గుమ్మం దాటలేడట. ఇంకో రెండు చలికాలాలు దాటడం కష్టమని డాక్టరు చెప్పాడట. నిద్రలో ఒకటే కలవరింత, చర్చిలో కూర్చుని పాదాలు కడిగించుకుంటున్నట్టు. పోయేలోగా ఒక్కసారి కడిగించుకోవాలని ఆశ, బూటు విప్పాలంటే భయం.

"ఎందుకే భయం? ఆరో వేలుందా ఏంటి?" అంది గార్నెట్.

"చిల్లుంది అక్కా" అంది ఐసీ. "ఎడమ పాదంలో. పైనుంచి కిందికి."

గార్నెట్‌కి సంగతి అర్థమైపోయింది. యుద్ధం నుంచి పాదంలో చిల్లుతో వచ్చినవాడి గురించి మా లోయలో ఏమంటారో ఆవిడకి తెలుసు. ఇంటికి పోవడానికి తన తుపాకీతో తనే కాల్చుకున్నాడంటారు. పక్క వాగు మనిషి ఒకడికి ఆ పేరొచ్చి, అది నిజమో అబద్ధమో తేలకుండానే ఊరొదిలి పోయాడు. అతని మీద జోకులు గని స్నానాలగదిలో పుట్టాయి, పుట్టించింది వెర్లిన్. ఇంటికి పోతూ ఆ గది గుమ్మం దగ్గర బూట్లతో నిలబడి ఓర్విల్ అవన్నీ విన్నాడు.

మర్నాడే గార్నెట్ కారేసుకుని వాళ్ళింటికి పోయింది. ఓర్విల్ ముందు నీళ్ళు నమిలాడు, తర్వాత ఐసీ మీద చిరాకుపడ్డాడు, ఆ తర్వాత బీన్సూ మొక్కజొన్న రొట్టే తింటూ మెల్లగా చెప్పాడు. అతని అన్న క్లీటస్ అదే యుద్ధంలో, ఇతను గాయపడే ముందటి వేసవిలో పోయాడు. కబురు తంతిగా వచ్చింది. గని కంపెనీ కొట్టు గుమస్తా ఆ పసుపు కాగితం పట్టుకుని వాగు వెంట నడిచి రావడం చూసి, వాళ్ళమ్మ విప్పి చదవకుండానే పెరట్లో కూలబడింది. ఆర్నెల్లు మంచం దిగలేదు. ఆ చలికాలంలోనే ఓర్విల్ పాదంలోంచి ఫిరంగి గుండు ముక్క దూసుకుపోయింది. గాయపడ్డవాడి గుండీకి గాయం వివరం రాసిన చీటీ కట్టాలి, చీటీ రాస్తే ఇంటికి తంతి పోతుంది. తంతి చూస్తే, లోపల ఏముందో చదివేలోపే అమ్మ పోతుందని, వైద్యం చేసే సిపాయి చెయ్యి పట్టుకుని చీటీ రాయొద్దని బతిమాలాడు. అతను రాయలేదు. కట్టు కట్టి, సార్జెంటుతో మాట్లాడి, ఓర్విల్‌ని వంటబండిలో దాచారు. నడవగలిగేదాకా అందులో కూర్చుని బంగాళాదుంపలు ఒలిచాడు.

"కాగితం లేని చిల్లుకి ఒకటే అర్థం అక్కా, అది పాదంలో ఉంటే" అన్నాడు ఓర్విల్. "మా అమ్మ దక్కింది. దానికి ఇది సరిపోయింది, వదిలెయ్."

వదిలెయ్యమంటే గార్నెట్‌కి ఒళ్ళు మండింది. తల్లిని కాపాడుకున్నవాడు దొంగలా బూటు కింద దాక్కోవడమేంటి? పతకం మాట తర్వాత, ఈ మనిషి జూన్‌లో బూటు విప్పాలి, అంతే, అని వాళ్ళ వంటింట్లోనే శపథం చేసింది. ఓర్విల్ దగ్గేసరికి అదే ఒప్పుకోలు అనుకుని బయల్దేరింది.

గాయాన్ని రికార్డులో చేర్చమని సైన్యానికి అర్జీ పంపితే కొన్ని నెలలకు జవాబు వచ్చింది: గాయానికి వైద్యం చేసినట్టు ఎక్కడా నమోదు లేదు, కాబట్టి కుదరదు. వాళ్ళ తప్పేం లేదు, రాయొద్దని బతిమాలింది ఇతనేగా. ఇక మిగిలింది ఒకటే దారి, కళ్ళతో చూసినవాడు ప్రమాణం చేసి చెప్పాలి. సార్జెంటు ఎప్పుడో పోయాడు. కట్టు కట్టిన సిపాయి పేరు ఓర్విల్‌కి తెలీదు. అందరూ అతన్ని 'డాక్' అనే పిలిచేవాళ్ళట. గుర్తున్నదల్లా, అతను ఉత్తరాన పాడిరైతు కొడుకనీ, గాయం కడిగేటప్పుడు ఆవుని అనునయించినట్టు 'ఓ, ఓ, నిలు తల్లీ' అనేవాడనీ.

వేరేవాళ్ళయితే అక్కడితో చేతులెత్తేద్దురు. గార్నెట్ ఓర్విల్ పటాలంలో మిగిలిన ముసలివాళ్ళు ఏటా కలుసుకునే సంఘం ఒకటుందని ఆరా తీసి, వాళ్ళ పత్రికలో ప్రకటన వేయించింది, గాయపడ్డవాళ్ళతో ఆవులతో మాట్లాడినట్టు మాట్లాడిన మనిషి కావాలని. ఊళ్ళోవాళ్ళు పగలబడి నవ్వారు. పోస్టాఫీసులో వెర్లిన్ అయితే, ఆవు కూడా జవాబు రాయొచ్చు, స్టాంపులు ఎక్కువ కొనుక్కో అన్నాడు. ఎవరి కోసమో, ఎందుకో ఆవిడ చెప్పలేదు. చెప్పలేక కడుపు ఉబ్బిపోయేది, అయినా చెప్పలేదు.

ఆవు కాదు గానీ, ఉత్తరాన మినెసోటా నుంచి ఆర్నీ టోర్విక్ అనే ఆయన, ఆ డాక్‌ని నేనేనంటూ ఫోన్ చేశాడు. పదిమందిలో పరువున్న పెద్దమనిషి, చర్చి పెద్ద. ఓర్విల్ పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. ఆయనకి అంతా గుర్తుంది, మంచు గుర్తుంది, బంగాళాదుంపలు గుర్తున్నాయి. కానీ ప్రమాణం అనేసరికి వెనక్కి తగ్గాడు. చీటీ రాయకపోవడం తన విధి తప్పడమే. పాదం కుళ్ళి కుర్రాడు చచ్చుంటే ఆ పాపం తనదే అయ్యేది. ఇన్నేళ్ళూ పెళ్ళానికి కూడా చెప్పలేదట. ఇప్పుడీ వయసులో, సంతకం పెట్టి, నేను తప్పు చేశానని లోకానికి చెప్పుకోవాలా?

గార్నెట్ నోరు ఎంత దురుసో లోయంతా ఎరుగుదురు. ఆ రోజు మాత్రం ఆవిడ కసరలేదు. ఆ తల్లి తర్వాత ఇరవై ఏళ్ళు బతికిందని, మనవల్ని ఎత్తుకుందని, ఆవిడ చేసే ఆపిల్ కేకు కోసం చర్చి భోజనాల్లో కొట్టుకునేవాళ్ళమని చెప్పింది. "ఆ కేకు నేనూ తిన్నాను టోర్విక్ గారూ. మీరు చీటీ రాసుంటే మాకెవరికీ దక్కేది కాదు" అంది.

అవతల ముసలాయన ముక్కు చీదుకోవడం వినిపించింది.

"వందల చీటీలు రాశానమ్మా" అన్నాడు చివరికి. "ఒక్కటీ గుర్తు లేదు. రాయనిదే గుర్తుంది. పంపండి, సంతకం పెడతాను."

మహానుభావుడు, అన్నమాట ప్రకారం వారంలో పంపాడు, తన తప్పును తన చేత్తోనే పొల్లుపోకుండా రాసి మరీ. ఇక గాయం మచ్చ చూసి డాక్టరు రాసివ్వాలి. ఊళ్ళో డాక్టరు ముందు ఓర్విల్ బూటు విప్పనంటే విప్పనన్నాడు, అక్కడి నర్సు వెర్లిన్ కోడలని. సరేనని గార్నెట్ అతన్నీ, ఆక్సిజన్ సిలిండర్నీ కారులో ఎక్కించుకుని, తమ మొహం ఎరగని ఊరికి తీసుకుపోయి చూపించింది. దారి పొడవునా తిట్టింది. అతను దారి పొడవునా నవ్వాడు, నవ్వితే దగ్గు, దగ్గితే ఇంకా తిట్లు.

తర్వాతి ఏడాది మే నెలలో కాగితం వచ్చింది. గార్నెట్ కవరు చించకుండా స్టిడమ్ ఇంటికి తీసుకెళ్ళింది. ఓర్విల్ కళ్ళద్దాలు వెతుక్కోలేక, నువ్వే చదువు అన్నాడు. రికార్డు సరిదిద్దడమైనది, శత్రువు కాల్పుల్లో గాయపడినందుకు ఊదారంగు పతకం చేర్చడమైనది, అని చదివింది. ఐసీ ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఓర్విల్ గొట్టంలోంచి రెండు గుక్కలు ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ శత్రువు అన్న మాట ఇంకోసారి చదువక్కా."

చదివింది. అతను అడగకపోయినా మూడోసారీ చదివింది. పతకం సంగతి అతను ఎత్తనే లేదు. పెద్ద సభ పెట్టి, పెద్దవాళ్ళని పిలిచి తగిలిస్తామన్నారు. వద్దన్నాడు. అది ఐసీ కుట్టుపెట్టెలోకి చేరింది.

జూన్ మొదటి ఆదివారం చర్చి నిండిపోయింది. తొట్లలో నీళ్ళు పోశారు, పాటందుకున్నారు. ఓర్విల్ తన వంతుకి లేచిపోలేదు. మగవాళ్ళ వైపు ముందు బల్ల మీద అలాగే కూర్చున్నాడు, పక్కన సిలిండరు బుసలు కొడుతోంది. వంగి లేసు పట్టుకోబోయాడు, ఊపిరందక ఆగిపోయాడు. చర్చి అంతా చూస్తోంది, ఒక్కడూ కదలడు. అప్పుడు తువ్వాలు కట్టుకుని వచ్చి మోకరించినవాడు ఎవరనుకున్నారు? వెర్లినే. ఆడవాళ్ళ వైపు గార్నెట్ బల్ల మీంచి సగం లేచింది. వీడి నోటికి ఇంతమందిలో అడ్డం ఎవరు, అనుకుంది.

వెర్లిన్ బూటు విప్పాడు, మేజోడు లాగాడు. ఆ పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూశాడు. పైన గుంట, అడుగున గుంట, మధ్యలో ముడుచుకున్న చర్మం.

"కొరియాలో" అన్నాడు ఓర్విల్. "ఫిరంగి ముక్క. కాగితముంది, ఐసీ దగ్గర."

వెర్లిన్ తలెత్తలేదు. "నిన్ను కాగితం ఎవడడిగాడు బావా" అన్నాడు.

ఇప్పుడంటావురా, అనుకుంది గార్నెట్, ఇన్నేళ్ళూ స్నానాలగదిలో నీ నోరేమైంది? కానీ వాడు ఆ పాదాన్ని తొట్టిలో పెట్టి, చిన్నపిల్లవాడికి స్నానం చేయించినట్టు కడుగుతూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఆవిడకీ కోపం నిలవలేదు. గుంటలో నీళ్ళు నిలిస్తే వెర్లిన్ తువ్వాలు అంచుతో అద్ది తీశాడు. తర్వాత ఓర్విల్ వెర్లిన్ పాదాలు కడగాలి కదా, కిందకి దిగలేడు. వెర్లిన్ తన కాలు బావ ఒళ్ళోకెత్తి పెట్టాడు, బావ చెయ్యి నీళ్ళలో ముంచి దాని మీద పెట్టించుకున్నాడు.

ఆరాధన అయ్యాక చెట్ల కింద భోజనాలు. ఓర్విల్ బూట్లు చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో, గులకరాళ్ళ దారిలో మెల్లగా నడిచొస్తున్నాడు. దారికి రెండు పక్కలా జనం, అందరి కళ్ళూ ఆ ఎడమ పాదం మీదే. అతను దాచుకోవడం లేదు. గార్నెట్ పరుగున ఎదురెళ్ళి, రాళ్ళు గుచ్చుకుంటాయి, బూట్లేసుకో మొండిపీనుగా, అని కసిరింది.

"దానికీ కాస్త గాలి తగలనీ అక్కా" అన్నాడు ఓర్విల్. "పాపం, కొరియా నుంచి వచ్చాక ఇదే బయటికి రావడం."

గార్నెట్ అక్కడే దారి మధ్యలో నిలబడి తన చెప్పులు కూడా విప్పేసి, చేత్తో పట్టుకుని, అతని పక్కన నడిచింది.