నాలుగు యూనిట్ల దూరం

2023 సెప్టెంబరు. విద్యుత్ శాఖ మీటర్ల పరీక్ష విభాగంలో రిటైరయ్యాక, హైటెక్ సిటీలో ఒక సోలార్ కంపెనీకి రీడింగులు సరిచూసి పెడుతున్నాను. హఫీజ్‌పేట్‌లోని ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ నుంచి పిలుపు వచ్చింది. లిఫ్టు, మోటారు, మెట్ల దీపాలు వాడే కరెంటులో సోలార్ వాటా ఎంతో రాసి సంతకం చేయాలి.

అసోసియేషన్ అధ్యక్షుడు మల్లయ్య గారు. థర్మల్ స్టేషన్‌లో ముప్పై అయిదేళ్ళు బాయిలర్ దగ్గర పనిచేశారు. మాటకో దగ్గు. గేటుకు బోర్డు అప్పటికే రాయించేశారు: 'మా కరెంటులో సగానికి పైగా ఎండదే.'

"నార్వేల, భూటాన్ల దాదాపు అంత నీళ్ళ కరెంటేనట గదమ్మా. మనం సగమన్న దాటినం," అన్నారు.

ఎలా లెక్కవేశారని అడిగాను.

"మన లోడ్ ఎనిమిది కిలోవాట్లు, ప్యానెళ్ళు అయిదు. దాటలే?"

బాయిలర్ మనిషి చేసే పొరపాటు అది. బొగ్గు రాత్రీ పగలూ మండుతుంది, ఎండ అలా కాదు. ప్యానెళ్ళ అయిదు కిలోవాట్లు కెపాసిటీ, అంటే నిండు ఎండలో ఇవ్వగలిగింది. నెలంతా నిజంగా ఇచ్చింది జనరేషన్. దేశాల వాటాలు లెక్కకట్టేదీ దానితోనే. ఆగస్టులో వచ్చింది 496 యూనిట్లు, వాడింది 1,310. ముప్పై ఎనిమిది శాతం.

"సంతకం పెట్టలేనండి."

"గింత కచ్చితమేందమ్మా! ఇంట్ల ఉప్పు గూడ తూకమేసి ఏస్తవా?" నవ్వారు, దగ్గారు. దగ్గు ఆగాక నెమ్మదిగా అన్నారు: "ముప్పై అయిదేండ్లు బొగ్గు కాల్చిన. నేను పోయేలోపల మా మెట్ల మీది బల్బులన్న సగం బొగ్గు లేకుండ వెలగాలె."

"ఫిబ్రవరిలో చూద్దామండి. మబ్బులుండవు, మోటారు ఎండాకాలంలో తిరిగినంత తిరగదు."

2024 మార్చి ఒకటిన వెళ్ళాను. ఆయన నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దిగి వచ్చి, ఆయాసంతో చివరి మెట్టుపై కూర్చున్నారు. నెలంతా లిఫ్టు ఎక్కలేదట. ఇరవై తొమ్మిది రోజుల్లో వచ్చింది 652, వాడింది 1,312. సగం 656.

కాగితం తీసుకుని చూశారు. "నాలుగేనా?" అన్నారు. రాసెయ్యమ్మా అని మాత్రం అనలేదు. బోర్డును గుడ్డలో చుట్టి గోడవైపు తిప్పి పెట్టారు. "వచ్చే ఫిబ్రవరికి ప్యానెళ్ళు ఇంకా మంచిగ తుడుస్త."

రీడింగు తీసేవాళ్ళకు ఇంత రావాలన్న కోరిక ఉండకూడదని కొత్తవాళ్ళకు నేనే నేర్పాను. ఉన్నా సంఖ్య మార్చకుండా రాయొచ్చని మల్లయ్య గారి దగ్గర తెలిసింది. 2025 ఫిబ్రవరి ఒకటిన లేవగానే కిటికీ తెరిచి ఆకాశం చూశాను. ఎక్కడా మబ్బు లేదు.