అత్త లేని ఆల్బమ్

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. డిగ్రీ అయిపోయింది, శ్రీకాకుళంలో కంప్యూటర్ కోర్సు చేశాను, ఫోటోలో మనిషి ముఖం మీది మొటిమ చెరిపేయడం వచ్చు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఈ మూడూ ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. అందుకే అక్క పెళ్ళయిన రెండు వారాలకి ఫోటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్ తెచ్చి, "ఇందులో నాలుగు వేల పైన ఉన్నాయండీ, మూడొందలు ఏరి ఇస్తే ఆల్బమ్ చేసేస్తాను" అంటే, మా నాన్న రెండో ఆలోచన లేకుండా దాన్ని నా చేతిలో పెట్టేశారు. "ఒసే, అందర్నీ ఓ పాలి అడిగి చెయ్యవే" అని అమ్మ అననే అంది. "అందర్నీ అడిగితే అది ఆల్బమ్ అవ్వదమ్మా, పంచాయితీ అవుతాది" అన్నాను. (ఈ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఆ వారంలో ఇంకో నలుగురికి వినిపించాను.)

నా పద్ధతి నాకుంది. కళ్ళు మూసుకున్న ఫోటో పక్కకి. నోరు తెరిచిన ఫోటో పక్కకి. తింటున్నవాళ్ళు, చెమటలు తుడుచుకుంటున్నవాళ్ళు, వీపు కనిపించేవాళ్ళు అందరూ పక్కకి. అమ్మ తలంబ్రాల దగ్గర ముక్కు చీదుతున్న ఫోటో ఉంటే, సొంత తల్లని కూడా చూడలేదు. రెండు రోజుల్లో మూడొందలూ తేల్చేశాను. ఒక్కొక్కటీ క్యాలెండరు మీద వేసుకోవచ్చు, అలా ఉన్నాయి.

నెల తిరక్కుండా ఆల్బమ్ వచ్చింది. అదే ఆదివారం పాతపట్నం నుంచి బావ వాళ్ళు భోజనానికి వచ్చారు. అక్క, బావ, బావ వాళ్ళమ్మ, ఆవిడ అక్కగారు. ఈ అక్కగారు బావకి పెద్దమ్మ, మాకు అత్త వరస. వాళ్ళ వీధిలో కిరాణా కొట్టు నడిపే మనిషి. గొంతు ఈ చివర విప్పితే ఆ చివర వినిపిస్తుంది. బావ వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు కావడంతో మగపెళ్ళివారి తరఫు పనంతా ఈవిడే నెత్తిన వేసుకుని చేసింది. అందరూ చాప మీద చుట్టూ కూర్చున్నారు. నేను పేజీలు తిప్పుతూ, అడగకపోయినా వివరాలు చెబుతున్నాను. పదో పేజీ దగ్గర మా నాన్న, "ఈ నీలం చొక్కా ఆయన మీ బంధువా?" అని బావని అడిగారు. "మీవాళ్ళనుకున్నాను మావయ్యా" అన్నాడు బావ. ఆ నీలం చొక్కా ఆయన ఆల్బమ్‌లో పదకొండు చోట్ల ఉన్నాడు. అన్నిటా కళ్ళు తెరిచే ఉన్నాడు, చక్కగా నవ్వుతున్నాడు. (అదే మండపంలో పై హాల్లో జరిగిన వేరే పెళ్ళికొచ్చి మా హాల్లో భోంచేసి వెళ్ళాడని తర్వాత తేలింది.) అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను.

అత్త మాత్రం నవ్వలేదు. ఆల్బమ్ తన ఒళ్ళోకి లాక్కుని చివరిదాకా తిప్పింది. మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. మూసేసి నా వైపు చూసింది. "ఏటే పిల్లా, నాను పెళ్ళికి రానేదా?"

పెళ్ళిలో ఆవిడ నోరు మూసుకున్న క్షణం ఒక్కటి కూడా లేదు మరి. ప్రతి ఫోటోలోనూ ఎవర్నో పిలుస్తోంది, ఎవరినో కసురుతోంది, లేకపోతే గట్టిగా నవ్వుతూ కళ్ళు మూసుకుంది. నా పద్ధతి ప్రకారం ఒక్కటీ మిగల్లేదు. బావ తలొంచుకుని, "నన్ను సదివించింది మా పెద్దమ్మే" అన్నాడు మెల్లగా. ఆ మాటకన్నా చెంప మీద కొట్టి ఉంటే నయం. అత్త పెరుగన్నం తినకుండానే లేచిపోయింది.

వారం రోజులు అక్క ఫోన్ చేసి ఏడుస్తూనే ఉంది. అత్త తనతో సరిగా మాట్లాడటం లేదట. ఆ అత్తే పట్టుబట్టి ఈ సంబంధం కుదిర్చిందట. ఆల్బమ్ ఏమో అట్టలు అతికించి బైండ్ చేసింది, మధ్యలో పేజీ దూర్చడానికి లేదు. ఇక లాభం లేదని లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని పాతపట్నం బస్సెక్కాను.

అత్త కొట్లో కందిపప్పు తూస్తోంది. "ఏటి, నీలం సొక్కా ఆయన రానేదా?" అంది నన్ను చూసి. నేను బియ్యం బస్తా మీద లాప్‌టాప్ తెరిచి, పక్కన పడేసిన ఫోటోలు వరసగా వేశాను. మొదట ఓరకంట చూసింది. తర్వాత తూనిక ఆపేసింది. తర్వాత ముక్కాలిపీట లాక్కుని నా పక్కన కూర్చుంది. "ఇది సూడు, వంటోడు పులుసులో ఉప్పు మర్చిపోనాడు, ఆడినే తిడతన్నాను. ఇక్కడ మీ బావ పంచె జారిపోతన్నాది, అదే సెప్తన్నాను, ఆడికి ఇనబడ్నేదు!" ప్రతి ఫోటోకీ ఒక కథ. పప్పు కోసం వచ్చినవాళ్ళు కూడా నిలబడిపోయి చూశారు.

ఒక ఫోటో దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పగింతలవి. అక్క కారు పక్కన తలొంచి ఏడుస్తోంది. అత్త వంగి దాని చెంగు సర్దుతోంది, కళ్ళు సగం మూసుకుని, నోరు తెరుచుకుని. నేను అరక్షణం కూడా చూడకుండా తీసేసిన ఫోటో. "ఇక్కడేటంతన్నానో తెలుసా? ఏడవకే, నీకు ఎప్పుడెల్లాలంటే అప్పుడు నాను బస్సెక్కిస్తాను, ఎవులడ్డొస్తారో సూస్తాను, అంతన్నాను."

"తప్పయిపోయింది అత్తా" అన్నాను. తల మీద చిన్నగా మొట్టింది. "తిండి తిన్నావేటే?" అంది.

ఆ ఫోటోలతో ఇంకో చిన్న ఆల్బమ్ చేయించాను, ఏరే పని ఆవిడకే ఒప్పజెప్పి. ఇప్పటికీ అక్క ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే అడుగుతారు. పెద్దది బీరువాలో భద్రంగా ఉంది, ఎవరి చెయ్యీ పడక కొత్తదానిలాగే ఉంది. నేనేమో నా పిల్లల ఫోటోల్లో ఒక్కటి కూడా చెరపలేక, ఫోన్ నిండిపోయిందని రోజూ మొత్తుకుంటున్నాను. రెండు రోజుల్లో నాలుగు వేలని మూడొందలు చేసిన ఆ పిల్ల ధైర్యం తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.